కుడిచేతి శంఖం

నా గదిలోకి మొదటిసారి అడుగుపెట్టినవాళ్ళు ముందు ముక్కు మూసుకునేవాళ్ళు. కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో గుడ్డను నానబెట్టి ఆరవేస్తే వచ్చే వాసన అది. పాలలోని జిడ్డు లేకపోతే గుడ్డమీద గీసిన గీత నిలవదు, పక్కలకు పాకుతుంది. ఇంకో మూల నల్లరంగు కుండ. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లంనీళ్ళలో పులియబెట్టి తీసే రంగు అది. కుండలో ఉన్నంతసేపూ పలచని చారులా కనిపిస్తుంది, పాలు తాగిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఒకసారి నల్లబడ్డాక దాన్ని చెరపడం ఎవరివల్లా కాదు. కాళహస్తిలో నాకు ఈ కలంకారీ పని నేర్పిన ముసలాయన వెదురు కలం నా చేతికిచ్చిన రోజున ఒక్క మాట చెప్పాడు. "గీసేదానికి ముందర అనుమానపడప్పా. గీసేటప్పుడు మాత్రం పడొద్దు." ఆ మాటలో మొదటి సగాన్నే నేను బాగా నేర్చుకున్నాను.

తొంభైల్లో తిరుపతి రైల్వే స్టేషను వెనక వీధిలో నా అంగడి. ముందు గదిలో అంగళ్ళకు, బస్సులకు, పెళ్ళి మంటపాలకు బోర్డులు రాసేవాణ్ణి. వెనక గదిలో కలంతో గుడ్డల మీద దేవుళ్ళ బొమ్మలు వేసేవాణ్ణి. ముందు గది తిండి పెట్టేది, వెనక గది పేరు తెచ్చేది. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి బోర్డులకోసం వచ్చేవాళ్ళు కుంచె డబ్బాల వంక చూసి, "కంప్యూటర్లో చెయ్యరా?" అని అడగడం మొదలుపెట్టారు. అట్లా నా బావమరిది అంగట్లోకి వచ్చాడు.

వాడు నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. చంద్రగిరి పక్క పల్లె వాళ్ళది. తల్లి చిన్నప్పుడే పోతే నా భార్యే వాణ్ణి చంకనేసుకుని పెంచింది. మా ఇంట్లోనే ఉండి కంప్యూటరు పని నేర్చుకున్నాడు. మొదటిరోజు అంగట్లోకి వచ్చి ముక్కు మూసుకోలేదు. చుట్టూ చూసి, "బావా, ఈడ కంప్యూటరు పెడితే ఈగలు దాంట్లో గూడా కాపురం పెడతాయి" అన్నాడు.

పాతదొకటి కొని పెట్టాం. దాని చుట్టూ అట్టలతో, అద్దం పలకతో ఒక గూడు కట్టుకున్నాడు. తడిగుడ్డతో నేను అటు వస్తే చాలు, లోపలినుంచి అరిచేవాడు.

"బావా, ఆ పాలగుడ్డ ఇటు తేవాకు!"

"గుడ్డ కాదురా, స్వామి."

"స్వామినే, కొంచెం ఆరినాక రమ్మను."

నేను ఎక్కువగా గీసేది శంఖచక్రాలతో నిలబడిన వెంకటేశ్వరస్వామినే. ఊరు ఊరంతా ఆ స్వామినే గీస్తుంది. అయినా నా స్వామి ముఖాన్ని చూసి నా పని అని గుర్తుపట్టేవాళ్ళు ఉండేవాళ్ళు. కింది పెదవి దగ్గర గీత కొంచెం లోపలికి పోయి ఆగుతుంది, ఏదో చెప్పబోయి మానుకున్నట్టు. ఆ ముఖం నాది అనుకునేవాణ్ణి. స్వామిది కాదు, నాది.

ఆ బొమ్మను బావమరిది ఒకరోజు స్కాన్ చేశాడు. తెరమీద ముఖాన్ని పెద్దది చేసుకుంటూ పోయాడు. పెదవి దగ్గర కలం ఆగి మళ్ళీ కదిలిన చోటు కనిపించింది. నా చెయ్యి వణికిన చోటు కూడా. అది నాకూ నా గుడ్డకూ మధ్య ఉండాల్సిన సంగతి.

"ఇప్పుడీ బొమ్మ దీంట్లో ఉండాదా?" అని అడిగాను.

"ఉండాది బావా."

"మూసేస్తే?"

"మూసేసినా ఉంటాది. ఎంతమందికి కావాలంటే అంతమందికి ఇయ్యొచ్చు. నీది నీ కాడనే ఉంటాది, వాళ్ళది వాళ్ళ కాడ ఉంటాది. తగ్గేది లేదు!"

వాడు దాన్ని సంతోషంగా చెప్పాడు. నాకు మాత్రం అంగడికి ఇంకో తలుపు ఉందని, దానికి గడియ లేదని అప్పుడే తెలిసినట్టయింది.

వాడికి ఆ యంత్రంలో అన్నిటికంటే ఇష్టమైన పని బొమ్మను అద్దంలోలాగా తిప్పడం. తోరణం సగం గీసి, దాన్ని తిప్పి పక్కన పెడితే పూర్తి తోరణం అయిపోయేది. "సూడు బావా, సగం పనికి పూర్తి అన్నం" అని నవ్వేవాడు. నిజానికి తిప్పడం నాకేమీ కొత్త కాదు. ఒకే బొమ్మను మళ్ళీ మళ్ళీ గీయాల్సి వస్తే మందపాటి గోధుమరంగు కాగితం మీద దాన్ని గీసుకుని, గీతల వెంబడి సూదితో చిల్లులు పొడుచుకునేవాణ్ణి. ఆ కాగితాన్ని గుడ్డమీద పరిచి బొగ్గుపొడి మూటతో అద్దితే చుక్కలు పడతాయి. చుక్కల్ని కలంతో కలుపుకుంటూ పోవడమే. తోరణానికైతే ఒక సగం అద్దాక కాగితాన్ని బోర్లించి రెండో సగం అద్దుతాం. చిల్లులు పెద్దవై పనికిరాకుండా పోయిన కాగితాల్ని పారేసేవాణ్ణి కాదు. మా గుడ్డను మడతపెట్టకూడదు, మడత దగ్గర రంగు విరుగుతుంది. చుట్టాలి. న్యూస్ పేపరు పెట్టి చుడితే సిరా అంటుకుంటుంది. అందుకని ఆ పాత కాగితాల్నే లోపల పెట్టి చుట్టి వ్యాపారులకు ఇచ్చేవాణ్ణి. ఆ చుట్టే పని ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు. ఎవరి చేతుల మీదా నాకు నమ్మకం లేకపోయేది.

ఒకసారి పక్క పల్లె జాతరకు బ్యానరు చేస్తూ బావమరిది తొందరలో బొమ్మనంతా తిప్పేశాడు. చక్రం ఉండాల్సిన కుడిచేతిలోకి శంఖం వచ్చింది, ఎడమచేతిలోకి చక్రం పోయింది. తీసుకోవడానికి వచ్చిన పెద్దమనిషి తల అటూ ఇటూ వంచి చూసి, "ఏమప్పా, మీ కంప్యూటర్లో స్వామిది ఎడమచేతి వాటమా?" అన్నాడు. బావమరిది చెంపలు వేసుకుని మళ్ళీ చేసిచ్చాడు. ఆ మాటను ఇంట్లో అక్కకు చెప్పి ఇద్దరూ అన్నం తింటూ తింటూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, మరిచిపోకుండా లోపల దాచుకున్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలకు గోవిందరాజస్వామి గుడి దగ్గర నడుస్తుంటే ఒక బట్టల అంగడి ముందు తాడుకు వేలాడుతున్న గుడ్డ కనిపించింది. అచ్చు వేసిన గుడ్డ, చేత్తో గీసింది కాదు. దాని మీద నా స్వామి. కింది పెదవి దగ్గర అదే ఆగడం. కుడిచేతిలో శంఖం.

"ఇది యాడనుంచి వచ్చింది?" అని అంగడతన్ని అడిగాను.

"యాడనుంచో వస్తాయిలేన్నా. కావాలంటే తీసుకో, లేదంటే వెలుతురుకు అడ్డం తొలుగు."

"శంఖం ఏ చేతిలో ఉండాదో చూసినావా?"

"వచ్చేవాళ్ళు దండం పెట్టుకుంటారన్నా, చేతులు చూడరు."

ఒక గుడ్డ కొన్నాను. వీధిలో నిలబడి చూస్తే గీత అక్కడక్కడా ముక్కలు ముక్కలుగా, తడబడుతూ సాగింది. ఆ తడబాటు నాది కాదు. నా గీతను మిషన్ పాడుచేసిందనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు. తిప్పడం ఎవరి ముద్దుల పనో నాకు తెలుసు. బొమ్మ ఎవరి పెట్టెలో ఉందో తెలుసు. శంఖాన్ని కుడిచేతికి ఒకసారి ఇచ్చినవాడెవడో కూడా తెలుసు. ఇంటికి పోయి గుడ్డను బీరువా పైన పాత దుప్పటి కింద దాచాను. వాణ్ణి అడగలేదు. అడిగితే జవాబు చెబుతాడని భయం. జవాబు వస్తే అనుమానాన్ని వదిలేయాల్సి వస్తుంది, అప్పటికే అది నాకు ఒక పనిలా అలవాటైపోయింది.

గమనించడం మొదలుపెట్టాను. నేను అద్దం గూడు దగ్గరకు వెళ్ళగానే తెరమీద ఉన్న ఆకుపచ్చనిదేదో మాయమై ఇంకొకటి వచ్చేది. చిత్తూరులో బ్యానర్ల అంగట్లో పనిచేసే స్నేహితుడొకడు వాడికోసం వచ్చేవాడు. ఇద్దరూ బయట టీ బంకు దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. నేను గడపలోకి రాగానే గొంతు తగ్గించినట్టు అనిపించేది. వాడి చొక్కా జేబులో ఫ్లాపీ ఉంటుందేమోనని, నా భార్య ఉతకడానికి తీసిన బట్టల్ని ఆమెకంటే ముందు నేను తడిమేవాణ్ణి. బస్సు టికెట్లు, సోంపు గింజలు దొరికేవి. ఫ్లాపీ దొరకని ప్రతిసారీ వాడు ఇంకా తెలివైనవాడు అనుకునేవాణ్ణి.

చివరికి ఉచ్చు పన్నాను. కొత్తగా గీసిన స్వామికి ఎడమ పాదానికి కావాలనే నాలుగు వేళ్ళే వేసి, స్కాన్ చేయమని ఇచ్చాను. ఆ నాలుగు వేళ్ళ పాదం ఏదో ఒక రోజు అంగళ్ళలో కనిపిస్తుంది, అప్పుడు పట్టుకుంటాను అనుకున్నాను. మరుసటిరోజు వాడు గూట్లోంచి తల బయటపెట్టాడు.

"బావా, నీకు వయసైపోతా ఉండాది. ఎడమకాలికి ఒక వేలు మరిసిపోయినావు. నేనేసేసినాలే, ఎవురికీ తెలీదు."

నాకోసం తప్పును సర్దిపెట్టి, నలుగురిలో నా పరువు కాపాడాననుకున్నాడు వాడు. ఉచ్చును కనిపెట్టి, తొక్కకుండా దాటిపోయాడనుకున్నాను నేను.

ఇక నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గు. కంప్యూటరుకు తాళం వేయడం నాకు రాదు. ఇంకొకరిని అడిగితే బయటపడుతుంది. అందుకని సాయంత్రం వాడు ముందే ఇంటికి పోయాక కీబోర్డును పీకి, తువ్వాలులో చుట్టి, చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి. పొద్దున్నే వాడికంటే ముందు పోయి మళ్ళీ తగిలించేవాణ్ణి. ఇంట్లో ఎక్కడ దాచాలి? వాడూ అదే ఇంట్లో ఉండేవాడు. బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టేవాణ్ణి. బియ్యం పొద్దున నేను పోయాక కదా తీస్తారు అని ధీమా.

ఒక ఆదివారం అంగడి తీయలేదు. కీబోర్డు సంగతి మరిచిపోయాను. మధ్యాహ్నం బావమరిదీ నేనూ కంచాల ముందు కూర్చున్నాం. ఎవరో చుట్టాలు వస్తున్నారని నా భార్య ఇంకొంచెం బియ్యం తీయబోయింది. డబ్బాలో లోతుగా చేయి పెట్టి, తువ్వాలు మూటను పైకి లాగి విప్పింది.

"ఇదేమి ఈడ ఉండాది?"

"అంగట్లోది గదక్కా అది" అన్నాడు బావమరిది, ముద్ద చేతిలో పట్టుకుని.

"దుమ్ము పడతాదని తెచ్చినా" అన్నాను.

"బియ్యంలో పడదా దుమ్ము?" అంది ఆమె.

వాడు పకపకా నవ్వాడు. నవ్వుతూనే నా ముఖం చూశాడు. నవ్వు సగంలో ఆగింది.

"బావా, నా మీదనా?"

అప్పుడైనా నేను కాదని చెప్పి ఉండొచ్చు. లేచి, బీరువా పైనుంచి ఆ అచ్చుగుడ్డ తెచ్చి వాడి కంచం పక్కన పరిచాను. వాడు ఎంగిలిచేయి దూరంగా పెట్టుకుని వంగి చూశాడు.

"నీ బొమ్మే. తిరగబడిండాది."

"ఎవురు తిప్పినారు?"

వాడు గుడ్డ అంచుకు అన్నం తగలకుండా కంచాన్ని పక్కకు జరిపాడు. తర్వాత, "నువ్వు అనుకునేసినావు గదా బావా. ఇంక నేను చెప్పేదానికి ఏముండాది" అన్నాడు.

"వాడు చెయ్యలేదంటా ఉండాడు గదా!" అంది నా భార్య.

"యాడన్నాడు? చెయ్యలేదని అనలేదే."

ఈ చివరి మాట నాది. కీబోర్డు దాచినందుకంటే, గుడ్డ పరిచినందుకంటే, ఈ మాట అన్నందుకే నన్ను నేను క్షమించుకోవడం ఎక్కువ కష్టం. తల్లిలాంటి అక్క ముందు ఒక మనిషి చిన్నబోయి కూర్చుని ఉంటే నేను వాడి వాక్యంలో లొసుగు పట్టుకున్నాను.

వాడు చేయి కడుక్కుని, సంచి సర్దుకుని, ఆ స్నేహితుడి దగ్గరకు చిత్తూరు వెళ్ళిపోయాడు. నా భార్య వాకిట్లో కూర్చుని, కీబోర్డును ఒళ్ళో పెట్టుకుని, మీటల సందుల్లో ఇరుక్కున్న బియ్యపు గింజల్ని పిన్నీసుతో ఒక్కొక్కటే తీసింది. చుట్టాలు వచ్చినా లేవలేదు. అంతా అయ్యాక తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇదో. వాడు రాడు. నువ్వే కొట్టుకో."

ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడటం మానలేదు. కావాల్సినంత మాట్లాడేది, అంతే. అప్పుడప్పుడు చెనిక్కాయల పొడి డబ్బా సంచిలో పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కేది. ఎక్కడికని అడిగితే "పోయొస్తా" అనేది. తమ్ముడి దగ్గరకే అని తెలుసు. అక్కడ నా గురించి ఏం చెప్పుకుంటారో, వాడు ఇంకా ఏమేం తీసుకుపోయాడో ఈమెకు తెలుసేమో, తెలిసీ దాస్తోందేమో అని ఆమె తిరిగొచ్చేదాకా మనసు పీకేది. అనుమానానికి తినడానికి వాడు దొరక్కపోతే ఇంట్లో ఇంకొకరు దొరికారు.

అంగడి నిలబడలేదు. ఫ్లెక్సు బోర్డులు వచ్చి ముందు గదిని మింగేశాయి. రెండు గదులూ ఖాళీ చేసి, కంప్యూటరును ఇంట్లో ముందు గదిలో పెట్టుకున్నాను. దాని ముందు కూర్చోవడం మొదలుపెట్టింది బొమ్మలు వేయడానికి కాదు, వెతకడానికి. వాడు నా బొమ్మల్ని ఎవరికి పంపాడో ఎక్కడో ఒక ఆనవాలు ఉండకుండా పోదని. వెతకాలంటే తెరవడం రావాలి, తెరవాలంటే పేర్లు తెలియాలి. ఇంటర్నెట్ సెంటరులో కూర్చునే కుర్రాళ్ళను అడిగి, తప్పులు చేసి, మళ్ళీ అడిగి నేర్చుకున్నాను. ఏమీ దొరకలేదు. కంప్యూటర్లో ఆడే పేకాట ఒకటి దొరికింది. నేను గూడు దగ్గరకు రాగానే తెరమీద మాయమయ్యేది అదేనని, ఆ ఆకుపచ్చ రంగు చూశాక గుర్తుపట్టాను. అయినా మిగిలినవి చెరిపేసి పోయి ఉంటాడనుకున్నాను.

వెతికి వెతికి చేతికి ఆ మౌసు అనే ఎలక అలవాటైంది. ఒకరోజు ఊరికే స్వామి కన్ను గీసి చూశాను. గీత నా మాట వినలేదు. కలాన్ని నొక్కితే దానికి చుట్టిన ఉన్నిలోంచి రంగు దిగుతుంది, వేళ్ళకు తెలుస్తుంది. ఇక్కడ నొక్కినా నొక్కకపోయినా ఒకటే. కొన్నాళ్ళకు అది కాదు దీని పని అని అర్థమైంది. గుడ్డమీద వేసే ముందు ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుందో దీంట్లో చూసుకోవచ్చు. చిరువేరుతో తీసే ఎరుపులో ఒకసారి ఉడికించిన గుడ్డను వెనక్కి తెచ్చుకోలేం. తెరమీద ఎరుపును తీసేసి నీలం పెట్టి, అదీ వద్దనుకుని మళ్ళీ ఎరుపే పెట్టుకోవచ్చు. కలంతో గీసి, స్కాన్ చేసి, రంగులు తెరమీద తేల్చుకుని, మళ్ళీ గుడ్డకు రావడం నా పద్ధతయింది. నా పని బాగుపడింది. ఎవరి దయవల్ల బాగుపడిందో ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

ఇట్లా రెండు మూడేళ్ళు గడిచాయి. బొమ్మలకు వాడే ముతక గాడా గుడ్డ మగ్గాల దగ్గరే కొందామని ఒకసారి నగరి వైపు వెళ్ళాను. గుడ్డ అమ్మే అతను, పక్కనే తన తమ్ముడికి అచ్చులు వేసే షెడ్డు ఉందని, అక్కడ కూర్చుని మజ్జిగ తాగి పొమ్మని తీసుకెళ్ళాడు. పొడవాటి బల్లల మీద గుడ్డలు పరిచి ఉన్నాయి. గోడకు మేకులకు కాగితాలు వేలాడుతున్నాయి. వాటిలో ఒకటి మందపాటి గోధుమరంగుది. మూల చినిగితే అన్నం మెతుకులతో పాత క్యాలెండరు ముక్క అతికించి ఉంది. ఆ మెతుకుల్ని మెదిపిన వేలు నాదే. వెలుతురుకు ఎదురుగా ఉండటంతో చిల్లుల్లోంచి స్వామి నిలబడి కనిపించాడు. శంఖం కుడిచేతిలో.

మజ్జిగ గ్లాసు కింద పెట్టి, షెడ్డు నడిపే ఆ తమ్ముణ్ణి అడిగాను.

"ఆ కాగితం మీకు యాడిది?"

"దేవుడి గుడ్డ ఒకటి కొనింటే దాని లోపల పెట్టి చుట్టిండారు సార్. బొగ్గు కొట్టి చూస్తే బొమ్మ పడింది. బాగుండాదే అని అచ్చు తీసినాం."

"తిరగేసి కొట్టినారు."

అతను లేచి వెళ్ళి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బొక్కలు రెండు పక్కలా ఒకటే గదా సార్, ఎవురికి తెలిసె? సరుకంతా అమ్ముడుపోయినాక మా అమ్మ చూసి తిట్టింది."

సూది దిగిన పక్క నున్నగా ఉంటుంది, బయటికి వచ్చిన పక్క గరుకు. చేత్తో తడిమితే నాకు తెలుస్తుంది, వాళ్ళకు తెలియదు. చుక్కల్ని అలవాటులేని చేయి కలిపింది గనకే ఆ అచ్చుగుడ్డ మీద గీత చుక్క నుంచి చుక్కకు తడబడింది. స్కాన్ చేసిన బొమ్మ అయితే నా గీత నాలాగే, నా వణుకుతో సహా వచ్చేది. ఇది తెలియనివాణ్ణి కాను. అంగడి ముందు నిలబడి ఆ తడబాటును నా కళ్ళతో చూశాను కూడా. ఎవరి చేతుల్నీ నమ్మక నా చేతులతోనే నా స్వామిని చుట్టి, ఊళ్ళోకి పంపించుకున్నాను.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె వంకాయలు తరుగుతోంది. కత్తిపీట ముందునుంచి లేవలేదు.

"నాకు చెప్పి ఏమి లాభం? పోయి వానికి చెప్పు" అంది. కాసేపటికి, "ఇంటికి రమ్మని చెప్పు. అన్నానికైనా" అంది. ఇన్నేళ్ళూ ఆమె నన్ను అడగకుండా ఆపుకున్న మాట అదొక్కటేనని అప్పుడు తెలిసింది.

చిత్తూరులో వాడు పనిచేసే అంగడి బస్టాండుకు దగ్గరే. నేను వెళ్ళేసరికి గోడకు వీపు ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. ఎవరూ వెనకనుంచి తెర చూడటానికి వీలులేని చోటు. నన్ను చూసి లేచి, "రా బావా" అని, కుర్చీ లాగి, టీ తెప్పించాడు. నగరి సంగతి చెప్పాను. దాచకుండా చెప్పాను. వాడు టీ తాగుతూ విన్నాడు.

"నీ కాగితమేనా?"

"నేను అతికించిందే."

"తిరగేసి కొట్టినారా నాయాళ్ళు!" అని ఒక్కసారి నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గించి, "అక్కకు చెప్పినావా?" అన్నాడు.

"చెప్పినా. ఇంటికి రమ్మనింది. నేనూ అదే అడగడానికి వచ్చినా. మళ్ళీ కలిసి చేద్దాం."

"ఉండేదానికైతే రాను బావా."

"కోపమా?"

"కోపం యాడుండాది ఇంకా. నువ్వు నా వెనకాల నిలబడి చూస్తా ఉంటే నాకు తెలిసేది. వీపుకు తెలిసేది. కీబోర్డు దొరికినాక గాదు, దానికి ముందరనించీ. ఏమి తప్పు చేసినానా అని నాలో నేనే వెతుక్కునేవాణ్ణి." గ్లాసు పక్కన పెట్టాడు. "సంచిలో ఏమి, కొత్తదా?"

కొత్తగా గీసిన స్వామిని తెచ్చాను. గీతలు మాత్రమే, ఇంకా రంగు పడలేదు. వాడు విప్పి, బల్లమీద పరిచి, పాదాల వేళ్ళు లెక్కపెట్టాడు. కావాలనే, నాకు కనిపించేలా లెక్కపెట్టాడు.

"ఇది ఈడ పెట్టి పో. నేను రంగులు చూసి పెడతా."

"ఎవురికీ..." అన్నాను.

మాట నోట్లోంచి వచ్చేసింది. 'చూపించొద్దు' అనేది మాత్రం మింగేశాను. వాడు మింగిన మాటను కూడా విన్నాడు. గుడ్డ మీద చేయి పెట్టి నా వంక చూస్తూ కూర్చున్నాడు, తీసుకుపోతే తీసుకుపో అన్నట్టు.

వదిలేసి వచ్చాను. బస్సు పూతలపట్టు దాటేదాకా దిగిపోయి వెనక్కి వెళ్ళాలని కాళ్ళు లాగాయి. ఆ స్నేహితుడూ అక్కడే పనిచేస్తాడు కదా, ఆ అంగట్లోకి ఎంతమంది వస్తారో కదా అని. అన్నీ తెలిసి, అంత దూరం క్షమాపణ మోసుకుని పోయినవాణ్ణి, తిరుగుదారిలో మళ్ళీ అదే మనిషిని. ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం వాడు చెప్పకుండా వచ్చాడు. గుడ్డ చుట్టను, ఒక సీడీని నా కంప్యూటరు పక్కన పెట్టి, "రంగులేసినా, నచ్చకపోతే మార్చుకో" అని నేరుగా వంటింట్లోకి పోయాడు. లోపల నా భార్య గొంతు, వాడి గొంతు. బియ్యం డబ్బా మూత చప్పుడు. తర్వాత ఇద్దరూ ఒక్కసారిగా నవ్వారు.

నన్ను తలుచుకునే నవ్వారు, అందులో అనుమానం లేదు. సీడీ పెట్టి, బొమ్మ తెరిచి, గీత గీతా పెద్దది చేసి చూడాలనిపించింది. ఏం మార్చాడో, ఏం తీసుకున్నాడో. సీడీని చేతిలోకి కూడా తీసుకున్నాను.

"బావా, అన్నం సల్లారిపోతా ఉండాది!" అని లోపలినుంచి పిలిచాడు.

సీడీని బల్లమీద పెట్టాను. పెట్టాక, అది పెట్టిన చోటే ఉందా అని ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. చూసి, చేతులు కడుక్కోవడానికి పోయాను.